సముద్రం చీలింది ఎవరికోసం?

మన నేరేడుచర్ల చుట్టుపట్ల వాడల్లో, యేసు తుఫానును గద్దించి ఆపిన కథ తెలియని పిల్లలు లేరు. పాస్టరయ్యలు బాగా చెప్తారు. చెప్పి చివరికి ఏమంటారు? ఓర్చుకోండి, ప్రార్థన చెయ్యండి, లోకం గొడవలు మనకెందుకు అంటారు. ఇక్కడే మా పేచీ.

ఎర్ర సముద్రం చీలింది ఎవరికోసం? ఫరోకు ఇటుకలు కోసిన వెట్టోళ్ల కోసం. నిర్గమకాండం 14వ అధ్యాయం తియ్యండి. ముందు నీళ్లు, వెనక రథాలు. అప్పుడు దేవుడు మోషేను మొర ఆపి జనాన్ని నడిపించమన్నాడు. ఓర్చుకుని కూర్చోమనలేదు.

సాగర్ ఎడమ కాలువ కింద బతికే మనకు నీళ్ల మీద అధికారం అంటే ఏమిటో ఒకరు చెప్పాలా? భూమి ఎవరిదో నీళ్లూ వాళ్లవే. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగినందుకు అంబేద్కర్ వెంట నడిచినవాళ్లను కొట్టారు. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చెయ్యొద్దన్న దగ్గర మొదలై ఆరుగురు మాదిగలను చంపేదాకా పోయింది.

మన ముందున్న సముద్రం ఇంకొకటి, కాగితం మీదిది. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ కాదనే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి ఇచ్చారు, క్రైస్తవులకు ఇయ్యలేదు. కులం పేరుతో తిట్టేవాడు బాప్తిస్మం చూసి నోరు మూసుకుంటాడా?

వచ్చే ఆదివారం అయ్యగారిని ఆ 14వ అధ్యాయమే చదవమందాం. ఆ ఉత్తర్వు మీద మహజరుకు సంతకాలు చర్చి గుమ్మం దగ్గరే తీసుకుందాం. మొదటి సంతకం అయ్యగారిదే.