దత్తత కుదిరేదాకా.. మీ ఇంట్లోనే!

‘ఎవరైనా దత్తత తీసుకోండి ప్లీజ్’ అంటూ కుక్కపిల్ల ఫొటోని వాట్సప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లు మీ స్నేహితుల్లోనూ ఉంటారు. చూసినవాళ్లు ‘అయ్యో పాపం’ అనుకుని ఓ ఎమోజీ పంపిస్తారు. దత్తత కుదరడానికి వారం పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. అప్పటిదాకా ఆ కూన ఎక్కడుండాలి?

హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు కాపాడిన జీవాలను అక్కున చేర్చుకుంటున్నాయి. కానీ ఏ షెల్టర్‌లోనైనా ఉండేది పరిమితమైన చోటే. పైగా టీకాల కోర్సు పూర్తికాని కూనలను పదుల కుక్కల మధ్య ఉంచడం ప్రమాదం. పార్వో వైరస్ సోకిందంటే రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. కాలు విరిగి కట్టుతో ఉన్న కుక్కకీ, తల్లి లేని పిల్లికూనకీ కూడా షెల్టర్ కన్నా ఇల్లే మేలు. అలా కొద్దిరోజులు ఇంట్లో ఉంచుకుని సాకడమే ఫోస్టరింగ్. ఈ పని యువత చేయగలదు. చేయాలి కూడా.

అయితే ప్రేమ ఒక్కటీ ఉంటే చాలదు. టైమ్ ఉండాలి. చిన్న కూనకి రోజుకి మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి, తెల్లవారకముందే లేచి గచ్చు కడగాలి. సెమిస్టర్ పరీక్షలు నెత్తిమీద ఉంటే ఇప్పుడొద్దు. హాస్టల్, పీజీ గదుల్లో దాచిపెట్టి పెంచడం అసలే వద్దు. ఇంట్లో అమ్మానాన్నల్ని, అద్దె ఇల్లయితే ఓనర్‌ని ముందే ఒప్పించండి. మందుల ఖర్చు ఎవరిది? అర్ధరాత్రి వాంతులు మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలి? గడువులోగా దత్తత కుదరకపోతే ఎవరు తీసుకెళ్తారు? ఇవన్నీ సంస్థతో మాట్లాడి కాగితంపై రాసుకోండి. విసుగొచ్చి వీధిలో వదిలేస్తే అది తిండీ నీళ్లూ లేక అల్లాడిపోతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం అది నేరం.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు మీ పెంపుడు జంతువులకు దూరంగా, వేరే గదిలో ఉంచండి. ఆవుపాలు పోస్తే చాలా కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష పెట్టకూడదు. పిల్లికి పారాసిటమాల్ ఇస్తే ప్రాణానికే ముప్పు. పంటిగాటు పడినా, గోరు గీరుకున్నా ‘చిన్నదే కదా’ అని వదిలేయకండి. సబ్బుతో పదిహేను నిమిషాలు నీళ్లధార కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకాని ముందుగానే వేయించుకోవచ్చేమో డాక్టర్‌ని అడిగితే ఇంకా మంచిది.

మీరు చేసే అసలు మేలు మరొకటుంది. ఈ కుక్క పిల్లలతో ఎలా ఉంటుంది, ఆటో శబ్దానికి బెదురుతుందా, ఒంటరిగా వదిలితే ఏడుస్తుందా? షెల్టర్ గోలలో ఇవి తెలియవు. మీ ఇంట్లో తెలుస్తాయి. రోజూ రెండు లైన్లు డైరీలో రాసి, దత్తత తీసుకునేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. లోపాలు దాచి అప్పగిస్తే అది నెల తిరక్కుండానే వెనక్కి వస్తుంది. వెటర్నరీ కోర్సుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి, ఈ పని తమకు సరిపడుతుందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది. రెజ్యూమెలో ఓ లైన్ కోసమే అయితే మాత్రం ఈ జోలికి రావొద్దు.

ఇంట్లో ఉంచుకోలేమా? ఫర్వాలేదు. కుక్కని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు, మంచి ఫొటోలు తీయొచ్చు, దత్తత అడిగినవాళ్ల ఇల్లు చూసి రావొచ్చు.

‘అలవాటయ్యాక పంపించడం నావల్ల కాదు’ అంటారు చాలామంది. నిజమే, ఆ రోజు ఏడుపొస్తుంది. రానివ్వండి. కానీ దాన్నీ ఉంచేసుకుంటే మీ ఇంట్లో ఖాళీ ఉండదు, షెల్టర్ బయట ఎదురుచూసే తర్వాతి కూనకి చోటుండదు. మంచి ఇంటికి పంపించగలిగితేనే మీ పని పూర్తయినట్టు. ఈ సెలవుల్లో రెండు వారాలు కేటాయించగలరేమో ఆలోచించండి. మీ ఊళ్లోని సంస్థకి ఒక్క ఫోన్ చేయండి.