కుట్లు మానాక అడగని ప్రశ్న

మేడ్చల్ హైవే పక్క గోడల మీద, శామీర్‌పేట దారిలో కరెంటు స్తంభాల మీద 'మగతనానికి గ్యారంటీ' అంటూ ఫోన్ నంబర్లు వేలాడుతుంటాయి. అంగానికి నిజంగా దెబ్బ తగిలితే వెళ్లాల్సింది ఆ నంబరుకు కాదు, యూరాలజిస్టు దగ్గరికి. ఆ మాట చెప్పే గోడే కరువు.

పురుషాంగంలో ఎముక లేదు. అయినా డాక్టర్లు 'పెనైల్ ఫ్రాక్చర్' అనే అంటారు. రక్తంతో నిండే గొట్టాల చుట్టూ ఒక గట్టి పొర ఉంటుంది. మామూలప్పుడు దాని మందం 2 మిల్లీమీటర్లు. స్తంభించినప్పుడు సాగి అర మిల్లీమీటరుకో, అంతకన్నా తక్కువకో దిగిపోతుంది. ఆ స్థితిలో అంగం బలంగా వంగితే పొర టప్పుమని చిట్లుతుంది. క్షణాల్లో మెత్తబడి, ఉబ్బి, వంకాయ రంగుకు తిరుగుతుంది. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగిపోయినా మూత్రనాళం కూడా తెగిందేమోనని అనుమానించాలి.

ఆపరేషన్ మరీ పెద్దదేం కాదు. పేరుకున్న రక్తం తీసేసి, చిరిగినచోట కుట్లు వేస్తారు. త్వరగా చేయించుకున్నవారిలో ఎక్కువమంది మామూలు దాంపత్య జీవితానికి తిరిగొస్తారు. కొందరికి మచ్చ దగ్గర చిన్న గడ్డ, కొద్దిపాటి వంకర మిగులుతాయి. సిగ్గుపడి, ఆర్ఎంపీ ఇచ్చిన నొప్పి బిళ్లలతో కాలం గడిపినవారికే వంకర, నొప్పి, స్తంభన లోపం ఎక్కువ. దూరం మీద నెపం వేయడానికీ లేదు: మేడ్చల్ పక్కనే ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి, హైదరాబాద్ నగరంలోకి వస్తే గాంధీ, నిమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి.

ఇంతకన్నా మొండి గాయం రోడ్డు ప్రమాదాలది. 44వ నంబరు జాతీయ రహదారి, రాజీవ్ రహదారి, ఔటర్ రింగు రోడ్డు ముడిపడే ప్రాంతమిది. కటి ఎముక విరిగితే మూత్రనాళం తెగొచ్చు. అప్పుడు పొత్తికడుపు నుంచి గొట్టం పెట్టి, సాధారణంగా మూడు నెలలకు నాళాన్ని కలుపుతారు. అది మళ్లీ ఇరుకైతే మూత్రం ధార సన్నబడుతుంది. స్తంభన పోతే చాలామంది ఆపరేషన్‌నే తిట్టుకుంటారు. తరచూ అసలు కారణం ప్రమాదంలోనే దెబ్బతిన్న నరాలు, రక్తనాళాలు.

ఇవన్నీ డిశ్చార్జి రోజున తేలే సంగతులు కావు. ఉదాహరణకు, 2014 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని టైగర్‌బర్గ్ ఆసుపత్రిలో ఆండ్రే వాన్ డెర్ మెర్వే బృందం ఒక యువకుడికి దాత అంగాన్ని అమర్చింది. పూర్తిగా పనిచేయడానికి రెండేళ్లు పడుతుందనుకున్నారు, నెలల్లోనే కోలుకున్నాడు. ఆ మాట చెప్పగలిగారంటే ఆపరేషన్ తర్వాత కూడా అతణ్ని అడుగుతూ ఉన్నారు కనుకనే.

మన దగ్గర లోటు అక్కడే. మూత్రం బాగా వస్తోందా అని అడుగుతారు, ఇంకోటి అడగరు. మగవాడు తనంతట తాను చెప్పడు. భార్యకు కూడా చెప్పనివాళ్లున్నారు. స్తంభన శక్తిని కొలవడానికి ఐదు ప్రశ్నలు, 25 మార్కుల పత్రం ప్రపంచమంతా వాడుకలో ఉంది. దాన్ని తెలుగులో, మేడ్చల్ పరిశ్రమల కార్మికుల కోసం హిందీ, ఒడియాల్లో కూడా అచ్చువేసి, మూడు నెలలకు, మళ్లీ ఏడాదికి రమ్మనే తేదీలతో డిశ్చార్జి కాగితానికి జతచేయాలి. రానివారికి ఆసుపత్రే ఫోన్ చేయాలి, అదీ ఇంట్లోవాళ్లకు కాదు, నేరుగా రోగికే.