ఉంగరంలో ఉంది కిటుకు

భోగాపురంలో సముద్రపు గాలికి తలుపు గడియే బిగుసుకుపోతుంది. మరి తాతల నాటి లైసెన్సు తుపాకీ మాటేమిటి? ఒక తూటా పేలుతుంది, రెండోది ఎక్కదు. 'పాతదైపోయింది' అనేస్తారు. చాలాసార్లు తప్పు తుపాకీది కాదు.

జాన్ బ్రౌనింగ్ 1900లో పేటెంట్ పొందిన ఆటో-5నే చూడండి. పేలగానే దాని గొట్టం మొత్తం వెనక్కి జరుగుతుంది. ఆ ఊపుతోనే ఖాళీ తొడుగు బయటపడి, కొత్త తూటా ఎక్కుతుంది. ఊపును అదుపు చేసేది ముందు చెక్క లోపల, స్ప్రింగు దగ్గరుండే చిన్న ఉంగరం. బరువు తూటాలకు అది స్ప్రింగుకు మూతివైపు ఉండాలి, తేలిక వాటికి వెనకవైపు. మూతివైపు ఉంచి తేలిక తూటా పేలిస్తే ఊపు చాలదు, తొడుగు ఇరుక్కుంటుంది. వెనకవైపు ఉంచి బరువు తూటా పేలిస్తే చెక్క పగలొచ్చు.

ఉంగరం సరిగ్గానే ఉందా? అయితే మడమలోని స్ప్రింగుకు పట్టిన తుప్పునూ, గడ్డకట్టిన పాత నూనెనూ అనుమానించాలి.

ఇంట్లో విప్పడం మాత్రం వద్దు. ఇరుక్కున్న తుపాకీలో పేలని తూటా ఉండొచ్చు. పైగా ఆయుధాల మరమ్మతు వ్యాపారానికి 1959 చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. అలాంటి చోటికే తీసుకెళ్లి, ఏ తూటా వేస్తే ఎక్కడ ఆగిందో చెప్పండి. లక్షణాలు సరిగ్గా చెబితే సగం వైద్యం అయినట్టే!