నేల మీద వదిలితేనే నేర్చేది!

"మీ బాబు ఇంకా పాకట్లేదా వదినా? మావాడు ఏడో నెలకే ఇల్లంతా చుట్టేశాడు!"

ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో సాయంత్రం పూట వినిపించే మాటే ఇది. అన్నవాళ్లు అక్కడే మర్చిపోతారు. విన్న తల్లికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు వాళ్లింటికి ఓ వాకర్ వచ్చేస్తుంది. ఇంతకీ ఈ తొందర ఎవరిది? బాబుదా, మనదా?

బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచుకునే ఇళ్లు మనవి. కానీ ఈ ముచ్చట్లకు ఫలానా రోజని ముహూర్తం ఉండదు. భారత్ సహా ఐదు దేశాల్లో 816 మంది పిల్లల్ని గమనించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఓ లెక్క చెప్పింది. చేతులు, మోకాళ్ల మీద పాకడం అయిదో నెల దాటాక ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. పదమూడున్నర నెలల దాకా పట్టినా కంగారు లేదు. నూటికి నలుగురైతే అలా అసలు పాకనే లేదు! కొందరు పొట్ట మీద జరుగుతారు, కొందరు కూర్చునే డేకుతారు. అందుకే అమెరికాలోని సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో పాకడం అన్న అంశమే లేదు.

అలాగని దాన్ని తేలిగ్గా తీసుకోనక్కర్లేదు. పాకే పిల్లలకు మెడ, భుజాలు, నడుము గట్టిపడతాయి. కావలసినదాని దగ్గరకు తామే వెళ్లొచ్చని తెలుస్తుంది. మరి మనమేం చేయాలి? ఒడి, ఉయ్యాల, మంచం... వీటి మధ్యే రోజంతా గడిచిపోతే పాకడానికి చోటెక్కడ? పాపాయికి కావలసింది పాఠం కాదు, కాస్త నేల!

పొట్ట మీద కాసేపు: మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, రోజుకు రెండు మూడుసార్లు బోర్లా పడుకోబెట్టండి. మొదట్లో రెండు మూడు నిమిషాలు చాలు. ఏడిస్తే నాన్న ఛాతీ మీదైనా సరే. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి.

అందీ అందనట్టు: ఇష్టమైన గిలక్కాయను చేతికి కాస్త దూరంలో పెట్టండి. ఏడిపించేంత దూరంలో వద్దు. పాదాల వెనక మీ అరచేయి ఆనిస్తే, దాన్ని తన్ని ముందుకు జరుగుతారు.

జారని నేల: కొత్త ఫ్లాట్లలో నున్నటి టైల్స్ మీద మోకాళ్లు జారతాయి. జంపఖానానో, చాపో ముడతల్లేకుండా పరచండి. సాక్సులు తీసేయండి.

వాకర్ వద్దు: అందులో కూర్చోబెడితే నడక త్వరగా రాదు సరికదా, ఆలస్యం కావచ్చు. మెట్ల మీంచి దొర్లే ప్రమాదం సరేసరి. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది.

ముందు మీరు పాకండి: నవ్వొచ్చినా ఫర్వాలేదు, ఓసారి మోకాళ్ల మీద ఇల్లంతా తిరగండి. ప్లగ్గులు, దోమల చుట్ట, కిందపడిన చిల్లర, బాల్కనీ సందులు అప్పుడు కనిపిస్తాయి. నల్లా రోజూ రాని బస్తీల్లో బాత్‌రూముల్లో బకెట్లు నిండుగా ఉంటాయి. చిన్న బకెట్ నీళ్లు చాలు, ప్రాణం పోవడానికి. ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉంచండి.

డాక్టర్‌ని ఎప్పుడు కలవాలి? తొమ్మిది నెలలు నిండినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఒకవైపు చేయి, కాలు మాత్రమే వాడుతున్నా, ఒళ్లు మరీ బిగుసుకున్నట్టో వేలాడినట్టో ఉన్నా, వచ్చిన పని మర్చిపోయినా ఆగొద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఎన్ని నెలలు ముందు పుట్టారో అన్ని తీసేసి లెక్కెయ్యాలి. ఖర్చుకు భయపడి వాయిదా వేయకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల లోపాలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. లోపం ఏదైనా ఉంటే ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు.

ఏ లోపమూ లేదని డాక్టర్ చెప్పాక మాత్రం పక్కింటి బాబుతో పోలిక మానేయండి. నిన్న జానెడు జరిగిన మీ బాబు ఇవాళ మూరెడు జరిగితే అదే ముచ్చట!