టీడీఎస్ మీటరు ఒక్కటే చాలదు

సంపాదకులకు,

టీడీఎస్ 500 లోపుంటే ఆర్ఓ అక్కర్లేదన్న మీ వ్యాసం కావేరి నీళ్లొచ్చే ఇళ్లకు సరే. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిందీ అదే. మా బొమ్మసంద్రలో మాత్రం చాలా ఇళ్లకు బోరు, ట్యాంకరే దిక్కు. చుట్టూ ఫ్యాక్టరీలు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తమే చూపిస్తుంది. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందా, సీసం ఉందా, క్రిములున్నాయా అన్నది చెప్పదు. కాచితే నైట్రేట్ పోదు సరికదా, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. డబ్బాపాలు తాగే పసిబిడ్డలకు అది ప్రాణాపాయం. అందుకే ముందు ల్యాబులో పరీక్ష, ఆ తర్వాతే మిషను. ఆర్ఓ బిగించేటప్పుడు వృథా నీటి గొట్టాన్ని సింకులోకి వదలకుండా బకెట్లోకి పెట్టించండి. ఆ నీళ్లు బాత్రూం కడగడానికి వాడుకోవచ్చు, మొక్కలకు మాత్రం పోయకండి.

— ఒక పాఠకురాలు, బొమ్మసంద్ర, బెంగళూరు