రాత్రి డ్యూటీ ఎవరిది?

మొన్న శ్రావణ శుక్రవారం నాడు మా సత్యనారాయణపురంలో ఒకరింటికి పేరంటానికి వెళ్ళాను. కాళ్ళకు పసుపు రాయించుకుని కూర్చున్నామో లేదో, మా వీధిలోని ఒక అమ్మాయి ఏడాదిన్నర పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. పట్టుచీర నిక్షేపంగా కట్టుకుంది గానీ, కళ్ళకింద నల్లటి చారలు. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారెవరో.

"నాకేం, బాగానే ఉన్నానండీ. వీడే రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నాడు" అంది.

అంతే! ఇక చూడండి సలహాల వాన. "దిష్టి తగిలిందమ్మా, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోయ్యి" అందొకావిడ. "తాయెత్తు కట్టించు" అంది మరొకావిడ. "నువ్వు అలవాటు చేశావు, నువ్వే మాన్పించాలి" అంది ఇంకొకావిడ తీర్పు చెబుతున్నట్లు. పిండివంటల పళ్ళెం పట్టుకుని తిరుగుతున్న పెద్దావిడయితే చాలా తేలిగ్గా, "జలుబు మందు అరచెంచా పొయ్యి. తెల్లారేదాకా లేస్తే నన్నడుగు" అని తేల్చేసింది.

పదిహేను మంది ఆడవాళ్ళం ఉన్నాం. ఒక్కరు కూడా ఒక ప్రశ్న అడగలేదు. చివరికి నేనే అడిగాను. "రాత్రి పిల్లాడు లేస్తే ఎత్తుకునేదెవరు?"

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "నేనేనండీ! ఆయనకు పొద్దున్నే ఆఫీసు కదా. అందుకని పక్కగదిలో పడుకుంటారు."

ఆ అమ్మాయి గన్నవరంలో ఒక బడిలో టీచరు. ఆవిడా ఏడింటికల్లా బస్సెక్కాలి. ఆయనకున్నది ఆఫీసయితే, ఈవిడకున్నదాన్ని ఏమంటారో మరి!

తాంబూలం తీసుకుని బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, ఆ పిల్ల నా వెనకే వచ్చింది. "పిన్నిగారూ, మీతో చెబుతున్నాను. మూడు రాత్రుల్నించీ ఆ మందు పోస్తూనే ఉన్నాను. వాడికి జలుబు లేదు. నాకే... నిద్ర కావాలి" అంది. గొంతు పూడుకుపోయింది. సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని చీమతలకాయంత అక్షరాలు చదివాను. నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని స్పష్టంగా రాసే ఉంది.

ఆ మాట ఊరికే రాయలేదు. రెండు మందులు కలిపిన ఒక రకం జలుబు సిరప్పు మీద ఈ హెచ్చరిక అచ్చువేయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా ప్రాంతంలో కలుషితమైన దగ్గుమందు తాగి పసివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ అక్టోబరులోనే, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ డాక్టర్లకే చెప్పింది. డాక్టరే రాయకూడని మందును పేరంటంలో శనగలు పంచినంత సులువుగా పంచుతున్నాం మనం!

ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు నాకు. ఇది కొత్త పాపమేమీ కాదు. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు పసిబిడ్డలకు నల్లమందు పెట్టి పనిలోకి వెళ్ళేవారన్న సంగతి 1931 నాటి రాయల్ లేబర్ కమిషన్ నివేదికలో ఉంది. ఆ తల్లులు రాక్షసులా? కాదు. బిడ్డను చూసే మరో మనిషి లేడు, అంతే. అప్పుడు నల్లమందు, ఇప్పుడు జలుబు మందు. మనిషి ఉండవలసిన చోట సీసా వచ్చి కూర్చుంది.

అసలు రాత్రి లేవడం పిల్లవాడి తప్పా? ఏడాది, రెండేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంత నిద్రా ఒక్క బిగిన పడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్లలు నిద్రలో మాటిమాటికీ పైకి తేలుతుంటారు. పళ్ళు వస్తున్నా, అమ్మ కనబడకపోతుందేమోనన్న బెంగ కలిగినా, ఉక్కపోసినా లేస్తారు. వేసవిలో పెద్దవాళ్ళకే కన్నుమూతపడని బెజవాడ ఇది. పైగా బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పారే ఊరికి దోమల లోటా! ఇది చాలదన్నట్లు పడుకోబెట్టేటప్పుడు "బూచాడొస్తాడు" అని మనమే బెదిరిస్తాం. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేస్తే, దిష్టి అంటాం!

"మా కాలంలో మేం పెంచలేదా?" అంటారు పెద్దలు. పెంచారు. ఒక్కరే పెంచలేదు. మేడమీద వరసగా మంచాలు, నలుగురు పిన్నులు, ఒక అమ్మమ్మ. పిల్లవాడు ఎవరి పక్కలో లేస్తే వాళ్ళు జోకొట్టేవారు. ఆ ఐదు జతల చేతులూ పోయి, రెండు గదుల ఫ్లాటూ, ఒకే జత చేతులూ మిగిలాయి. రెండో జత పక్కగదిలో గురకపెడుతోంది.

నేనేదో అక్కసుకొద్దీ అంటున్నానుకోకండి. 2019లో ప్రభుత్వం దేశమంతటా ఎవరి కాలం ఎలా గడుస్తోందో లెక్క తీసింది. ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారట. ఇంటి చాకిరీలోనయితే 299కి 97. కేంద్ర ప్రభుత్వమే తన ఉద్యోగి తండ్రయితే 15 రోజులు సెలవిస్తోంది. పదహారో రోజునుంచి బిడ్డ రాత్రిళ్ళు లేవడం మానేస్తాడని కాబోలు!

"ఆయన ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తాడండీ" అంటారు. ఏడుస్తాడు. కొత్త కదా! వారం రోజులు ఎత్తుకుంటే ఆ భుజమూ అలవాటవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు పసిపిల్లల్ని భుజాన వేసుకుని నీళ్ళలో నడిచిన తండ్రుల్ని మనం చూశాం. వరదలో చేతనైన పని పడగ్గదిలో చేతకాదా? జోలపాడటం మగవాళ్ళకు రాదంటారా? తెలుగునాట తరతరాలుగా తల్లులు పాడుకుంటున్న జోలపాటల్లో అన్నమయ్యవి లేవూ? ఆయన మగవాడే!

తెల్లవారుజామున బస్సు నడపవలసిన డ్రైవరుకు నిద్ర చాలకపోతే ప్రమాదమే, ఒప్పుకుంటాను. ఆయన సెలవు రోజు రాత్రి ఎత్తుకోవచ్చు. మిగిలినవాళ్ళు రాత్రిని రెండు ముక్కలు చేసుకోండి. రెండింటిదాకా ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు. సాయంత్రం నాలుగు దాటాక కునుకు తియ్యనివ్వకుండా, పడుకునే గంట ముందు టీవీ, ఫోను కట్టేసి, రోజూ ఒకే వేళకు దోమతెరలో పడుకోబెట్టడం ఇద్దరూ కలిసి చెయ్యండి. పిల్లవాడు నోరు తెరిచి గట్టిగా గురకపెట్టినా, ఊపిరికి ఇబ్బంది పడినా, చెవి పట్టుకుని ఏడ్చినా డాక్టరుకు చూపించండి. పేరంటంలో మందు అడక్కండి.

నేనేమీ గొప్పదాన్ని కాదు. నా కొడుకు రెండేళ్ళవాడప్పుడు నేనూ చీకట్లో వాణ్ణి భుజాన వేసుకుని వరండాలో తిరిగాను, "పాపం, ఆయన నిద్ర చెడుతుంది" అనుకుంటూ. ఆయన "నేనెత్తుకోనా?" అని అడగలేదు, నేను లేపలేదు. ఆ త్యాగానికి నాకెవరూ సన్మానం చెయ్యలేదు. మిగిలింది తలనొప్పి ఒక్కటే.

అందుకని ఆ అమ్మాయితో ఒకటే చెప్పాను. "ఈ రాత్రి సీసా తియ్యకు. మీ ఆయన్ని లేపు."

మీకూ అదే మాట. ఈ పేజీ చదివాక మడిచి బీరువాలో దాచకండి. ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టండి.