ముక్కాలి పీట వయసెంత?

డ్రాయింగ్ రూములో కప్పు పెట్టుకునే చిన్న బల్లను టీపాయ్ అంటాం. టీ కోసం పుట్టింది కాబట్టే ఆ పేరు అనుకుంటాం. నిజానికి టీకీ దానికీ చుట్టరికం లేదు. హిందుస్తానీలో తిపాయీ అంటే మూడు కాళ్లది. మన భాషలో ముక్కాలి పీట. ఇంగ్లీషువాళ్లు ఆ మాట పట్టుకెళ్లి, స్పెల్లింగులో టీ కలిపి, మనకే తిరిగి పంపారు. పాత ఫర్నిచర్ వ్యాపారమూ దాదాపు ఇంతే. ఇంట్లోంచి పాత సామాన్లవాడికి తూకానికి పోయిన బల్ల పాలిష్ పట్టించుకుని, 'ఆంటీక్' అనే బిరుదుతో సోఫా పక్కకు తిరిగొస్తుంది.

సూరత్‌లోని తెలుగువారికి ఈ వ్యవహారంలో ఓ అదనపు చిక్కుంది. తెలంగాణ జిల్లాల్లో మగ్గం వదిలి పవర్‌లూమ్ పని వెతుక్కుంటూ వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉన్నాయి. రైలెక్కినప్పుడు వెంట తెచ్చుకున్నది ట్రంకు పెట్టె, పరుపుచుట్ట. తాతల నాటి బల్లను ఎవరూ మోసుకురాలేదు. తాపీ నదికి ఉత్తరాన, మరమగ్గాల చప్పుడు ఆగని అమ్రోలి లాంటి చోట ఫ్లాటు కొనుక్కుని, హాల్లో కాస్త పాతదనం ఉంటే బాగుండునని ఆశపడితే, కొనుక్కోవలసింది వేరేవాళ్ల తాతల సామానే. అందులో తప్పు లేదు. అయితే డబ్బు పెడుతున్నది వయసుకా, కలపకా అన్నది ముందే తేల్చుకోవాలి. నా ఓటు కలపకే.

కలప కోసం అమ్రోలి నుంచి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. నది ఇదే గట్టున, కాస్త దిగువన రాందేర్ ఉంది. అక్కడి వర్తకులు ఒకప్పుడు రంగూన్‌లో వ్యాపారాలు చేశారు. సూరత్ వీధుల్లో దొరికే ఖావ్సా అనే నూడుల్స్ వంటకం ఆ బర్మా సంబంధానికి మిగిలిన రుచి. అదే రంగూన్ రేవులో మన కోరంగి నుంచి ఓడెక్కిన తెలుగు కూలీలు మూటలు మోశారు. 1942లో జపాన్ సేన దిగేసరికి అందరి కథా మారిపోయింది. బర్మా టేకు దూలాలు మాత్రం అటు గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో, ఇటు గుజరాత్ పాత ఇళ్లలో నిలిచిపోయాయి. అలాంటి ఇల్లు కూల్చిన చోట దొరికే టేకుతో వడ్రంగి చేసిన బల్ల ఆంటీక్ కాదు. అయినా నకిలీ ఆంటీక్ కన్నా వెయ్యి రెట్లు నయం.

నకిలీని పట్టుకోవడానికి పాండిత్యం అక్కర్లేదు, బల్లను తలకిందులు చేస్తే చాలు. పైపలక మెరుస్తుంది, అడుగు నిజం చెబుతుంది. చేతిరంపం గాట్లు ఎగుడుదిగుడుగా, సూటిగా ఉంటాయి. వంపు తిరిగిన గాట్లుంటే అది మిషను కోత. నాలుగు మూలల గాటున్న స్క్రూలు 1930లలో గానీ మార్కెట్లోకి రాలేదు. అవే మొదటినుంచీ ఉన్నవైతే బల్ల పందొమ్మిదో శతాబ్దిది కాదు. సొరుగు లాగి మూల చూడండి. చేత్తో చెక్కిన అతుకులో పళ్లన్నీ ఒకే కొలతలో ఉండవు. గుండ్రటి పలకైతే టేపు పెట్టి రెండు వైపులా కొలవండి. కలప ఏళ్లు గడిచేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా పెద్దగా తగ్గదు. నిజంగా పాతదైన గుండ్రటి పలక కాస్త కోలగా ఉంటుంది. మరీ నిండు చందమామలా ఉంటే అనుమానించండి. ఇక పురుగు రంధ్రాలు. వాటిని చూపించి వయసు రుజువు చేసే దుకాణదారులున్నారు. బల్లను తడితే మెత్తటి పొడి రాలిందంటే లోపల పురుగు బతికే ఉంది. అది మీ తలుపు చట్రాల దాకా వస్తుంది.

'వందేళ్ల నాటిది సార్' అన్నారా? రాజనీతి శాస్త్రం చదివినవాడికి బల్లలోనూ చట్టమే కనిపిస్తుందనుకోకపోతే ఒక మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాత్మక వస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. అది చూపించమనండి. బల్ల వయసు అక్కడికక్కడే యాభై ఏళ్లు తగ్గిపోవచ్చు. అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం కూడా నేరమే. డాలస్‌లోని అబ్బాయికి పంపాలనుకునేవారు, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ముందుగా తెచ్చుకోవడం మేలు.

దంతం సంగతి ఇంకా గట్టిది. పద్దెనిమిదో శతాబ్దిలో విశాఖపట్నం పనివాళ్లు నల్లచేవ, రోజ్‌వుడ్‌లలో దంతం పొదిగి దొరల కోసం బల్లలు, కుర్చీలు, పెట్టెలు చేశారు. వాటిలో కొన్ని ఇవాళ లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. సూరత్‌కూ ఇలాంటి పనితనమే ఉంది. పేరు సాదేలి. కలప, దంతం, లోహపు సన్నని కడ్డీలను కట్టగా అతికించి, అడ్డంగా పలచని బిళ్లలుగా కోసి, పెట్టెల మీద నగిషీగా అద్దుతారు. కొత్త సాదేలి పని ఉన్న చిన్న బల్ల దొరికితే నిస్సంకోచంగా కొనండి. 'అసలు దంతం' అంటే మాత్రం లేచి వచ్చేయండి. 1986, 1991 సవరణల తర్వాత దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధం. అమ్మేవాడు అబద్ధమైనా ఆడుతూ ఉండాలి, నేరమైనా చేస్తూ ఉండాలి.

వింటేజ్ అంటే అంత బాదరబందీ లేదు. ముప్ఫై నలభై ఏళ్ల వస్తువైతే చాలు. 2020 నవంబరులో హజీరా-ఘోఘా ఫెర్రీ మొదలయ్యాక ఖంభాత్ సింధుశాఖకు అవతలున్న ఆలంగ్ సూరత్‌వాసులకు దగ్గరైంది. 1983 నుంచి అక్కడ ఓడలు విడగొడుతున్నారు. వాటి సామాను రోడ్డు పొడవునా దుకాణాల్లో ఉంటుంది. ఓడ బల్ల అంచు కాస్త పైకి లేచి ఉంటుంది, అలలకు కప్పు జారిపోకుండా. పిల్లలున్న ఇంట్లో ఈ అంచు విలువ చెప్పనక్కర్లేదు.

ఎక్కడ కొన్నా సోఫా చేతి ఎత్తు ముందే కొలుచుకోండి. బల్ల దానికి సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు తక్కువగానో ఉండాలి. వెడల్పు సోఫా లోతును మించకూడదు. రాసుకోవడానికి చేసిన పాత బల్లలు ముప్ఫై అంగుళాల దాకా ఉంటాయి. వాటి కాళ్లు కోయించకండి. కోసిన రోజే దాని ధర సగమవుతుంది.

వరద సంగతీ అడగండి. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీటికి తాపీ పొంగి సూరత్‌లో చాలా భాగం మునిగింది. రంపపుపొట్టు అట్టలతో చేసిన ఫర్నిచర్ నీళ్లలో నానితే ఉబ్బి విచ్చిపోతుంది. గట్టి టేకు బల్లకు బంక మాత్రమే వదులుతుంది. నెమ్మదిగా నీడన ఆరబెట్టి మళ్లీ బిగించవచ్చు. పాత బల్ల కాళ్ల మీద ఒకే ఎత్తులో నీటి గీత కనిపిస్తే భయపడి వదిలేయకండి, బేరానికి వాడుకోండి.

చివరగా పాలిష్. పాత బల్లల మీద ఎక్కువగా ఉండేది లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసినది. దానికి ఇద్దరు శత్రువులు, మద్యం, వేడి. మద్య నిషేధం ఉన్న గుజరాత్‌లో మొదటి శత్రువు, అధికారికంగా, లేడు. వేడి చాయ్ కప్పు దించితే మాత్రం తెల్లటి వలయం పడుతుంది. కొనేటప్పుడు ఆ వలయాలున్న బల్లే ఎంచుకోండి. కనీసం ఎవరో వాడారని తెలుస్తుంది.